ఆకాశం కనబడాలి, మంట తగలకూడదు

ఉపగ్రహాన్ని ఎద్దుబండి మీద పెట్టి తీసిన ఫోటో ఒకటి ఉంది. దాదాపు అందరం చూసిందే. ఇస్రో రాకెట్ వదిలిన ప్రతిసారీ అది మళ్ళీ ఫోన్లలో తిరుగుతుంది. కింద వ్యాఖ్య కూడా ఇంచుమించు ఒకటే ఉంటుంది: లారీకి కూడా డబ్బుల్లేని రోజుల్లోంచి ఎక్కడిదాకా వచ్చామో చూడండి అని. గర్వపడటంలో తప్పేమీ లేదు గానీ, ఆ ఫోటో అసలు సంగతి వేరే.

ఆ ఉపగ్రహం పేరు ఆపిల్. ఆర్.ఎం. వాసగం ప్రాజెక్టు డైరెక్టరుగా, బెంగళూరు పీణ్యాలోని పారిశ్రామిక షెడ్లలో తయారైంది. 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియన్ రాకెట్ మీద పైకి వెళ్ళింది. వెళ్ళేముందు దాని యాంటెన్నాను ఆరుబయట పరీక్షించాల్సి వచ్చింది. లారీ మీద పెడితే లారీ ఇనుమే తరంగాలను తిప్పికొట్టి కొలతలన్నీ పాడుచేస్తుంది. లోహం వీలైనంత తక్కువున్న బండి కావాలి. ఎద్దుబండి చెక్కది కాబట్టి దాన్ని తెప్పించారు. అంతే.

ఉపగ్రహంతో మాట్లాడే ఏ పరికరానికైనా ఉండే చిక్కు ఆ ఫోటోలో ఉంది. మామూలుగా మనం విలువైన వస్తువును కాపాడాలంటే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తాం. యాంటెన్నాను ఇనప్పెట్టెలో పెడితే అది గుడ్డిది, మూగది అయిపోతుంది. దానికి ఆకాశం కనబడాలి. ఆకాశం కనబడేట్టు పెడితే ఎండ, వాన, దుమ్ము, గాలి అన్నీ తగుల్తాయి. ఆ పరికరాన్ని తీసుకెళ్ళి ఫైరింజన్ మీద పెడితే వీటికి తోడు మంట. మన దగ్గర ఆపదల్లో కబురు ఎట్లా చేరింది, ఎట్లా చేరలేదు అన్న చరిత్రను ఈ చిక్కు వైపు నుంచి చూస్తే కొన్ని విషయాలు తేటపడతాయి. అనంతపురం మెరక మీద వాటి అవసరం ఇంకా తీరలేదు కూడా.

2022 ఏప్రిల్‌లో రెండు జిల్లాలుగా విడిపోకముందు అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్ల జిల్లా, ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే పెద్దది. ఏడాదికి వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మాఘం దాటితే కసువు ఎండి కరకరలాడుతుంది. గుట్టల మీద బోద అంటుకుంటే రాత్రిపూట ఎర్రటి దండలా కనిపిస్తుంది. ఊళ్ళో వేరుశనగ కట్టె వామి తగలబడితే నష్టం వామితో ఆగదు. మేత లేక ఎద్దుల్ని సంతకు తోలాలి, ఎద్దులు పోయినాక సేద్యం ఎట్లా అన్నది ఆ తర్వాతి మాట. అందుకే ఇక్కడ ఫైరింజన్ రాక కోసం ఊరంతా రోడ్డు మీద నిలబడి చూస్తుంది.

ఆ ఫైరింజన్ ఒక్కోసారి ముప్పై నలభై కిలోమీటర్ల నుంచి రావాలి. దారిలో అది ఊరి పేరును బట్టి వస్తుంది. వచ్చినాక తెచ్చుకున్న నీళ్ళు నిమిషాల్లో అయిపోతాయి. దగ్గర్లో ఏ బోరు పోస్తోంది, ఏ చెరువులో నీళ్ళున్నాయి, రెండో బండి ఎంతదూరంలో ఉంది, ఇవన్నీ ఎవరో ఒకరు చెప్పాలి. సెల్ టవర్ ఉన్నచోట సెల్ ఫోనే చెప్తుంది. బండిలో ఉండే వైర్‌లెస్ సెట్లు చాలావరకు వీహెచ్ఎఫ్ రకం. ఆ తరంగాలు ఇంచుమించు చూపు సాగినంత మేరే సాగుతాయి. ఎత్తైన చోట రిపీటర్ ఉంటే దూరం పెరుగుతుంది, మధ్యలో గుట్ట అడ్డమొస్తే ఆగిపోతుంది. అంటే గుట్టల మధ్యకి, మంటకు దగ్గరగా వెళ్ళేకొద్దీ మాట దూరమవుతూ ఉంటుంది.

ఈ మెరక మీదే రెండు పెద్ద అగ్ని ప్రమాదాలు పట్టాల పక్కన జరిగాయి. 2012 మే 22న హుబ్లీ నుంచి బెంగళూరు వెళ్తున్న హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషన్ దగ్గర ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. ఒక పెట్టె తగలబడింది, ఇరవైమందికి పైగా చనిపోయారు. 2013 డిసెంబర్ 28న బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్‌లో కొత్తచెరువు దగ్గర ఒక ఏసీ పెట్టె అంటుకుని 26 మంది చనిపోయారు. రెండుసార్లూ తెల్లవారుజామే. అట్లాంటి చోటికి బండి చేరడం ఒక పని. చేరినాక గ్యాస్ కట్టర్లు కావాలి, ఇంకో నాలుగు అంబులెన్సులు పంపండి, ఫలానా గేటు దగ్గర్నుంచి రండి అని చెప్పడం ఇంకో పని. రైల్వేవాళ్ళు ప్రమాద సహాయక రైళ్ళలో శాటిలైట్ ఫోన్లు ఉంచే ఏర్పాటు చేసుకున్నది ఈ రెండో పని కోసమే.

కబురు సరిగ్గా అందకపోతే మంటలార్పేవాళ్ళకు ఏమవుతుందో మన దేశపు అగ్నిమాపక చరిత్రలో అందరికంటే ముందు చెప్పేది బొంబాయి డాక్‌యార్డ్. 1944 ఏప్రిల్ 14న అక్కడ ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో దూది అంటుకుంది. దూదితోపాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. అట్లాంటి సరుకున్న ఓడ మీద ఎర్రజెండా ఎగరేయాలి. ఎగరేయలేదు. ఫైరువాళ్ళు మామూలు మంట అనుకునే దగ్గరికి వెళ్ళారు. ఓడ పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14న మన ఫైర్‌స్టేషన్లలో జరిగే అగ్నిమాపక దినోత్సవం వాళ్ళ పేరు మీదే. అక్కడ కొరవడింది గజం గుడ్డ. ఆ గుడ్డ ఉండాల్సిన చోట, అందరికీ కనబడేట్టు లేదు.

తెలుగు నేల మీద ఇదే పాఠం నీళ్ళ రూపంలో వచ్చింది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో చనిపోయినవాళ్ళు పదివేలమంది దాకా అని సర్కారు లెక్క. అంతకంటే చాలా ఎక్కువని మిగతా లెక్కలు. టెలిఫోను స్తంభాలు, తీగలు గాలికి ముందే పోయాయి. జరిగిందేమిటో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు తెలుసు. ఆ తెలిసిన సంగతి పల్లెకు చేర్చాల్సిన తీగ, ఆ తుఫాను దారిలోనే ఉంది. ఏ ఆపద గురించి చెప్పాలో ఆ ఆపదే మొదట తెంచేది చెప్పే సాధనాన్ని.

అప్పటికి ఉపగ్రహం మన పల్లెలకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. డిష్షులు కోళ్ళ దడికి కట్టే జాలీతో చేసినవి, మూడు మీటర్ల వెడల్పు. జాలీ ఎందుకంటే తేలిక, చవక, గాలి దానిలోంచి పోతుంది, వంగితే ఊళ్ళోనే సరిచేసుకోవచ్చు. గట్టిదనం ఒక్కటే కాపుదల కాదని, గాలికి దారివ్వడం కూడా కాపుదలేనని ఆ డిష్షు చేసినవాళ్ళకు తెలుసు. తరంగం పొడవుతో పోలిస్తే కన్నం చిన్నదైతే చాలు, జాలీ కూడా రేకులాగే పనిచేస్తుంది.

1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళాక, 1980ల నడిమి నుంచి దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లో తుఫాను హెచ్చరిక పెట్టెలు పెట్టడం మొదలైంది. ఆఫీసులో ఒక మూల ఉండే పెట్టె, మిద్దె మీద ఒక డిష్షు. మద్రాసు తుఫాను హెచ్చరిక కేంద్రం నుంచి సంకేతం రాగానే పెట్టె తనంతట తనే మేలుకుంటుంది. సైరన్ మోగుతుంది. తర్వాత హెచ్చరిక తెలుగులోనే వినబడుతుంది. ఏ జిల్లా పెట్టెల్ని లేపాలంటే వాటినే లేపొచ్చు. ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది గానీ, తీగ లేకుండా తీరం దాకా వచ్చిన ప్రభుత్వ గొంతు అది. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర పెద్ద తుఫాను తీరం దాటినప్పుడు లక్షలమందిని ముందే తరలించగలిగారు. చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపు. అది తక్కువేమీ కాదు. అయితే 1977తో పోల్చుకోకుండా ఉండలేం. హెచ్చరిక పెట్టెతోపాటు రోడ్లు, షెల్టర్లు, అధికారుల చొరవ అన్నీ కలిసి చేసిన పని ఇది. పెట్టె వాటిలో ఒకటి.

ఆ పెట్టెలున్న చోటు చూడండి. గోడల మధ్య, గట్టి పైకప్పు కింద. కదలనవసరం లేదు. ఉప్పుగాలి, కరెంటు కోత, పిడుగు, ఈ మూడింటి నుంచి కాపాడుకుంటే చాలావరకు సరిపోతుంది. ఫైరింజన్‌కి ఆ భోగం లేదు.

2014లో ఆంధ్రప్రదేశ్ రెండు పాఠాలు ఒకే ఏడాది చదివింది. మార్చిలో తిరుమల కొండల్లో శేషాచలం అడవి అంటుకుంది. వైమానిక దళం హెలికాప్టర్లు తెచ్చి, వేలాడే బకెట్లతో నీళ్ళు పోశారు. కింద అడవిలో నడిచేవాళ్ళు, ఘాట్ రోడ్డు మీది ఫైరింజన్లు, పైన హెలికాప్టర్, ఈ ముగ్గురి మాట కలవడం నీళ్ళంత అవసరం. అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. అప్పటికి ఊళ్ళో ప్రతి చేతిలో సెల్ ఫోన్ ఉంది, గాలి తగ్గేసరికి చాలావాటికి సిగ్నల్ లేదు. టవర్లు కూలాయి, నిలిచిన టవర్లకు కరెంటు లేదు. తుఫాన్లను కనిపెట్టడానికి పెట్టిన వాతావరణ రాడార్ కూడా దెబ్బతింది. 1977లో స్తంభం, 2014లో టవర్. పేరు మారింది గానీ కథ అదే.

ఇక బండి మీదికి వద్దాం. ఉపగ్రహంతో మాట్లాడే పరికరం బండి మీద కనబడటం మనకు టీవీ ఛానళ్ళ పుణ్యమా అని అలవాటే. ఓబీ వ్యాను పైకప్పు మీద డిష్షు చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. జాతీయ విపత్తు దళం దగ్గర కూడా మోసుకెళ్ళి చోటు దొరికినచోట నిలబెట్టుకునే డిష్షులున్నాయి. అవన్నీ ఒకచోట ఆగి, నింపాదిగా డిష్షు లేపి పనిచేస్తాయి. ఫైరింజన్ కంపచెట్ల మధ్య గుంతల్లో పరుగెత్తాలి, ఆగీ ఆగగానే మాట్లాడాలి. అందుకని దానికి తిరిగే పెద్ద డిష్షుకంటే, కదిలే భాగాలు లేని, పళ్ళెంలాంటి చిన్న యాంటెన్నా మేలు. వీడియో పంపలేకపోవచ్చు. మాట, బండి ఉన్న చోటు, నాలుగు అక్షరాల సందేశం పంపితే చాలు.

అనంతపురానికి ఇక్కడ ఒక కలిసొచ్చే సంగతి ఉంది. మన సమాచార ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన ఉంటాయి. భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న ఉత్తర దేశాల్లోంచి చూస్తే అట్లాంటి ఉపగ్రహం నేలకు దగ్గరగా కనబడుతుంది, 83 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం అనంతపురంలోంచి చూస్తే 70 డిగ్రీల పైన, నడినెత్తికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ చెట్టు, మిద్దె, కొండ అన్నీ అడ్డమే. ఇక్కడ వీహెచ్ఎఫ్‌ను ఆపిన గుట్టే ఉపగ్రహాన్ని ఆపలేదు. కానీ పైకి చూసే యాంటెన్నా మీదే నీళ్ళు నిలుస్తాయి. వాన కంటే కూడా, తొడుగు మీద పరుచుకున్న నీటి పొర ఎక్కువ పౌనఃపున్యాల సంకేతాన్ని ఎక్కువగా మింగుతుంది. ఫైరింజన్ మీద పడేది వాననీరు ఒక్కటే కాదు, పంపు తుంపర, నురగ, బూడిద. అందుకే తొడుగు చదునుగా కాకుండా బోర్లించిన చట్టిలా ఉండాలి, పడింది జారిపోవాలి.

తొడుగు దేంతో చేయాలన్నది ఎద్దుబండి నాటి ప్రశ్నే. ఇనుము, అల్యూమినియం పనికిరావు. కార్బన్ ఫైబర్ గట్టిదే గానీ అది కూడా తరంగాలను అడ్డుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ సరైనది. అయితే దానిలోని రెసిన్ వేడికి మెత్తబడుతుంది, కాబట్టి వేడికి తట్టుకునే రకం ఎంచుకోవాలి. రంగు తెల్లగా ఉంటే ఎండ వేడి తగ్గుతుంది. లోహపు పొడి కలిసిన వెండి రంగు అందంగా ఉందని వేస్తే పరికరం గొంతు నొక్కినట్టే. ఇక చోటు. ఫైరింజన్ పైకప్పు మీద నిచ్చెన, పైపులు, లైట్లు ఇప్పటికే ఉన్నాయి. నిచ్చెన పక్కన, దానికంటే కిందుగా పెడితే అదే సగం ఆకాశాన్ని మూసేస్తుంది. అన్నిటికంటే పైన పెడితే రోడ్డు పక్క చింతకొమ్మ ఊడ్చేస్తుంది. కొమ్మ తగిలితే జారిపోయేట్టు ముందువైపు ఏటవాలు గార్డు ఉండాలి, అది యాంటెన్నా అంచుకంటే ఎక్కువ ఎత్తు పోకూడదు.

చాలా పరికరాలు మంటతో చెడవు. కేబుల్ చేరే చోట దుమ్ము, చెమ్మ చేరి చెడతాయి. ఎర్ర దుమ్ము కనెక్టర్ మరలోకి దిగితే మొదటి వానకు తుప్పు. కేబుల్ లోపలికి పోయే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. లోపలి పెట్టె ఇంజను వేడికీ సైలెన్సరుకీ దూరంగా, రబ్బరు దిండ్ల మీద కూర్చోవాలి. స్టార్ట్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్టర్నేటర్ నుంచి ఒక్కోసారి పెద్ద పోటు వస్తుంది. ఈ రెండింటికీ అడ్డుగా వడపోత, ఫ్యూజు, విడిగా చిన్న బ్యాటరీ కావాలి. ఇంజను ఆగిపోయినా మాట ఆగకూడదు.

మంట సంగతి విచిత్రం. పొగ ఈ తరంగాలకు పెద్ద అడ్డు కాదు. కానీ పెద్ద మంటలో గాలి కొంత అయనీకరణం చెందుతుంది. మొక్కల్లో ఉండే పొటాషియం దానికి సాయపడుతుంది. ఆ మంటలోంచి పోయే సంకేతం బలహీనపడుతుందని ఆస్ట్రేలియా కార్చిచ్చుల మీద పరిశోధించినవాళ్ళు రాశారు. కాబట్టి బండిని ఎక్కడ ఆపాలన్నది కూడా పరికరం కాపుదలే. గాలికి ఎగువన, తలమీద చెట్టు లేని చోట ఆపితే మనుషులకూ మంచిదే, పెట్టెకూ మంచిదే.

ఇవన్నీ చేసినా మాట ఆగిపోయే దారి ఇంకొకటి ఉంది. 2018లో కాలిఫోర్నియాలో మెండసీనో కార్చిచ్చు ఆర్పుతుండగా శాంటాక్లారా కౌంటీ వాళ్ళ సమాచార వాహనం, నంబరు 5262, ఇంటర్నెట్ వేగం ఉన్నట్టుండి పాతాళానికి పడిపోయింది. యాంటెన్నా బాగానే ఉంది, బండి బాగానే ఉంది. ప్లాన్ ప్రకారం డేటా వాడకం దాటిపోయిందని ఫోను కంపెనీ వేగం తగ్గించింది. మంట మధ్యలో బిల్లు గురించి ఫోన్లు, మెయిళ్ళు నడిచాయి. పరికరం చుట్టూ తొడుగు కట్టినవాళ్ళు ఒప్పందం చుట్టూ కట్టలేదు.

మన దగ్గర ఆ కాగితం ఇంకా బరువు. శాటిలైట్ ఫోను ఎవరుపడితే వాళ్ళు వాడటానికి లేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ చట్టం కింద అనుమతి లేకుండా వాడితే నేరం అన్న పద్ధతిలోనే ఇన్నేళ్ళూ నడిచింది. బీఎస్ఎన్ఎల్ 2017లో ఘాజియాబాద్ గేట్‌వే ద్వారా ఇన్‌మార్శాట్ ఫోన్ల సేవ ప్రభుత్వ సంస్థలకు మొదలుపెట్టింది. భద్రత దృష్ట్యా అదుపు ఉండాలన్నది అర్థం చేసుకోగలిగిందే. కానీ లైసెన్సు, నెలనెలా చందా, ఎవరి పేరు మీద సెట్టు అన్నవి కూడా పరికరంలో భాగమేనని బడ్జెట్ రాసేవాళ్ళు గుర్తించాలి. ఖరీదైంది కదా అని దాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తే దుమ్ము నుంచీ మంట నుంచీ నూటికి నూరుపాళ్ళు రక్షణ దొరుకుతుంది, రైలు తగలబడుతున్న తెల్లవారుజామున తాళంచెవి మాత్రం దొరకదు.

ఉపగ్రహాలు ఇవాళ మనకంటే ముందే మంటను చూస్తున్నాయి. మోడిస్ అనే పరికరం ఆధారంగా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి కార్చిచ్చు హెచ్చరికలు ఇస్తోంది. తర్వాత వచ్చిన విర్స్ ఇంకా చిన్న మంటల్ని, 375 మీటర్ల గళ్ళలో, పట్టుకుంటుంది. ఆ సమాచారం దిగే పెద్ద కేంద్రం మన షాద్‌నగర్‌లోనే ఉంది. 800 కిలోమీటర్ల పైనుంచి కనబడిన నిప్పు అటవీ ఉద్యోగి ఫోనుకు మెసేజీగా వస్తుంది. అదే గుట్ట వెనక ఉన్న ఫైరింజన్ నుంచి "నీళ్ళయిపోయాయి, రెండో బండి పంపండి" అన్న మాట మూడు కిలోమీటర్లు దాటకపోవచ్చు. పైనుంచి కిందికి దారి వేసుకున్నాం. కింది నుంచి పైకి ఇంకా వేసుకోవాలి.

దానికి ముందు అలవాటు చేసుకోవాల్సింది చిన్నదే. ఫైర్‌స్టేషన్‌లో డ్యూటీ మారేటప్పుడు బండి చూసుకుంటారు: పంపు నడుస్తోందా, ట్యాంకు నిండిందా, హోసులు బాగున్నాయా అని. బండి మీద ఇట్లాంటి పెట్టె ఉన్నరోజు, దాని తొడుగు మీది దుమ్ము ఒక తడిగుడ్డతో తుడిచి, కనెక్టర్ బిగువు చూసి, కంట్రోల్ రూముకు ఒక ఫోను చేయడం కూడా ఆ లెక్కలో చేరాలి. వాడని పంపు పట్టేసినట్టే వాడని సెట్టు కూడా పట్టేస్తుంది. రోజూ ఒకసారి ఆకాశంతో మాట్లాడుతుంటే, గుట్టమీద బోద అంటుకున్న రాత్రి అది మాట్లాడుతుందో లేదో అన్న అనుమానం ఎవరికీ ఉండదు.